విత్తనానికి నిలిపే గుర్రం



ఈ రోజు అరబ్బీ మగగుర్రాల గురించి మాట్లాడతాను. వాటిలో ఏది విత్తనానికి పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చడానికి పెట్టే పరీక్షల గురించి చెబుతాను. పావగడ తాలూకాలో చెనిక్కాయ వేసుకునేవాళ్ళకీ, జీవాలు మేపుకునేవాళ్ళకీ ఈ సంగతితో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. మన తుమకూరు జిల్లాకి ఉత్తరపు కొసన మనమున్నాం. దక్షిణపు కొసన కుణిగల్ ఉంది. అక్కడ రెండు వందల ఏళ్ళకి పైగా గుర్రాలు పుట్టి పెరుగుతున్నాయి. తొలి రోజుల్లో అక్కడ పెంచింది అరబ్బీ గుర్రాలనే. అంతేకాదు, ఇంట్లో మంద ఉన్న ప్రతివాళ్ళకీ మగ జీవాన్ని ఎంచుకోవలసిన రోజు ఒకటి వస్తుంది. గుర్రాలవాళ్ళు ఆ పని ఎలా చేస్తున్నారో తెలుసుకోవడం వాళ్ళకి ఉపయోగమని నా నమ్మకం.

అరబ్బీ గుర్రం ఈ నేలకి కొత్తది కాదు. మన పక్కనున్న పెనుగొండ విజయనగర రాజులకి పెద్ద దుర్గం, తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని కూడా. ఆ రాజ్యానికి రౌతుల దండు గొప్ప బలం. ఆ దండుకి కావలసిన మేలుజాతి గుర్రాలు హోర్ముజ్, ఏడెన్ రేవుల్లో ఓడెక్కి, భట్కళలోనో గోవాలోనో దిగి, కనుమలెక్కి పీఠభూమికి చేరేవి. హంపిలో హజార రామాలయం ప్రాకారం మీద వరసగా చెక్కిన గుర్రాలనీ, వాటిని నడిపించుకుపోయే మనుషులనీ మీలో చాలామంది చూసే ఉంటారు. 1535 ప్రాంతంలో విజయనగరంలో గడిపిన ఫెర్నావ్ నునిజ్ అనే పోర్చుగీసు ఆయన, రాజు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని రాశాడు. మేలైనవి తన లాయంలో కట్టించుకుని, మిగతావి నాయకులకి ఇచ్చేవాడట.

అంతకు ముందు సాళువ నరసింహరాయలు గుర్రాలు కొన్న పద్ధతి కూడా నునిజ్ రాతల్లోనే ఉంది. వెయ్యి పర్దావులనే బంగారు నాణేలకి మూడు గుర్రాలు. బతికి వచ్చినా సరే, దారిలో చచ్చినా సరే. సముద్రం మీద చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చే డబ్బే ఇచ్చేవారు. వర్తకులు నష్టానికి భయపడకుండా ఓడలు నింపుకుని ఇటే రావాలి, శత్రువుల వైపు పోకూడదు. అదీ ఉద్దేశం. రాజనీతిగా అందులో తెలివి ఉంది. రేవుల్ని బాగుచేసి, గుర్రాలూ ఏనుగులూ రత్నాలూ తెచ్చే వర్తకుల్ని ఆదరించాలని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో చెప్పిందీ ఇదే ఆలోచనతోనే. కానీ పశువుల్ని పెంచేవాళ్ళ కంటితో చూస్తే మనసు కలుక్కుమంటుంది. అంత బంగారం పోసి తెచ్చిన జాతి ఇక్కడ వేళ్ళూని, తరతరానికీ మెరుగవుతూ పోలేదు. తెచ్చినవి తెచ్చినట్టు యుద్ధాల్లో అరగదీసి, మళ్ళీ ఓడ ఎప్పుడొస్తుందా అని చూశారు.

ఎందుకిలా జరిగింది? అంతకు రెండు వందల ఏళ్ళ ముందే మార్కో పోలో దీని మీద కొన్ని మాటలు రాశాడు. 13వ శతాబ్దం చివర పాండ్యుల తీరం చూసిన అతను, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, సాకడం తెలియక ఏడాది తిరిగేసరికి వాటిలో చాలా భాగం చచ్చిపోతాయనీ చెప్పాడు. గుర్రాలకి వైద్యం తెలిసినవాళ్ళని వర్తకులు ఈ దేశానికి రానిచ్చేవారు కాదట. గుర్రాలకి ఇక్కడ అన్నమూ మాంసమూ వండి పెడతారనీ, మేలైన మగగుర్రాన్ని మేలైన ఆడగుర్రానికి దాటించినా పుట్టే పిల్ల కాళ్ళు వంకరపోయి ఎక్కడానికి పనికిరాకుండా పోతుందనీ కూడా రాశాడు.

ఆ వంకర కాళ్ళ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. పెరిగే గుర్రప్పిల్ల ఎముకకి కాల్షియం కావాలి. బియ్యంలో, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. అలాంటి మేత మీదే పెరిగితే గుర్రం ఎముక బలహీనపడుతుందని ఈనాటి పశువైద్యులకి బాగా తెలుసు. అంటే ఆ పిల్లల్లో తప్పు తండ్రిది కాకపోవచ్చు, తల్లిదీ కాకపోవచ్చు. మేతది కావచ్చు. చూసినవాళ్ళు మాత్రం ఈ దేశంలో గుర్రం ఈనదు అనే అభిప్రాయానికి వచ్చేశారు. రక్తంలో ఉన్న గుణం ఏది, పెంపకంలో వచ్చిన గుణం ఏది అని విడదీసి చూడలేకపోతే మంచి విత్తనాన్ని పారేస్తాం, చెడ్డదాన్ని నెత్తిన పెట్టుకుంటాం. మగగుర్రాలకి పెట్టే పరీక్ష అసలు ఈ విడదీసే పని కోసమే పుట్టింది.

గుర్రాన్ని పరిశీలించి చూసే విద్య మనకి లేక కాదు. శాలిహోత్రుడి పేరుమీద సంస్కృతంలో అశ్వశాస్త్రం ఉంది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద పుస్తకం రాశాడు. ఈ శాస్త్రాల్లో సుడులకి పెద్ద స్థానం. ఏ చోట సుడి ఉంటే యజమానికి మంచిది, ఏ చోట ఉంటే కీడు అని లెక్కలుంటాయి. నాగలమడిక పరసలో ఎద్దుని బేరమాడే పెద్దవాళ్ళు ఇప్పటికీ సుడి చూస్తారు, పళ్ళు చూస్తారు, ఆ తర్వాత నాలుగడుగులు నడిపించి చూస్తారు. ఆ మూడింటిలో నాకు నమ్మకం ఉన్నది చివరిదాని మీద. పాతవాళ్ళకీ నడక విలువ తెలుసు. అమరకోశంలో గుర్రపు నడకలు ఐదని ఉంది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. నడకలకి ఇన్ని పేర్లు పెట్టినవాళ్ళు గుర్రం కదలికని ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి! అయితే ఆ చూపు కొనేటప్పటి చూపుగానే ఉండిపోయింది. ఈ గుర్రం పిల్లలు కూడా ఇలాగే నడుస్తాయా అని రాసిపెట్టుకుని, పోల్చి, ఏరుకునే పని వెనకబడింది.

మైసూరు రాజ్యంలో పెంపకం మీద చూపు పడింది. టిప్పు సుల్తాన్ కాలంలో సైన్యం కోసం కుణిగల్‌లో గుర్రాల పెంపకం మొదలైందని చెబుతారు. శ్రీరంగపట్నం 1799లో పడిపోయాక ఆ క్షేత్రం బ్రిటిష్ వాళ్ళ చేతుల్లోకీ, మైసూరు సంస్థానం చేతుల్లోకీ మారుతూ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వానిదైంది. 1990లలో లీజుకి ఇచ్చారు. ఇప్పుడు అక్కడ పెంచేది అరబ్బీల్ని కాదు, పందేల్లో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాల్ని. ఈమధ్య ఆ భూమిలో టౌన్‌షిప్ కట్టాలనే ప్రతిపాదన వచ్చింది, వద్దని గట్టిగా అడిగినవాళ్ళూ ఉన్నారు. నేను వద్దన్నవాళ్ళ పక్షం. ఇళ్ళు కట్టడానికి జిల్లాలో వేరే చోట్లు దొరుకుతాయి. రెండు శతాబ్దాలుగా గుర్రాలు తిరిగిన పచ్చిక, వాటిని చూసుకునే పనివాళ్ళ కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకుకి దిగిన చేతివాటం, ఒకసారి చెదిరితే మళ్ళీ పోగుచేయలేం.

గుర్రాలకంటే మైసూరువాళ్ళకి బాగా కుదిరింది ఎద్దుల ఎంపిక. చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో బెణ్ణె చావడి పేరుతో మొదలైన పశుశాలకి టిప్పు అమృతమహల్ అని పేరు మార్చాడు. ఆ ఎద్దులు ఫిరంగుల్ని లాగాలి, దండుతో సమానంగా నడవాలి. చిదంబరాన్ని ఆదుకోవడానికి హైదర్ అలీ రెండున్నర రోజుల్లో 100 మైళ్ళు నడిచిపోగలిగాడంటే ఆ ఎద్దుల వల్లే అని చరిత్రలో రాశారు. ఏటా మందని లెక్కపెట్టి చూసేవారు. దండయాత్రలో నిలిచిన ఎద్దు ఏ మందదో, ఏ ఆబోతు సంతానమో కాపరులకి తెలుసు. పేరు పెట్టకపోయినా అది పనిలో పెట్టిన పరీక్షే. చిక్కమగళూరు జిల్లా అజ్జంపురలో అమృతమహల్ కేంద్రం ఇప్పటికీ ఉంది.

అరబ్బీ గుర్రానికి తన పుట్టింట కూడా అలాంటి పరీక్షే ఉండేది. అరేబియా ఎడారిలో బదూయిన్ తెగలు ఒకరి మందల మీద ఒకరు దాడులు చేసుకునేవారు. దాడికి పోయి, ఎండలో, ఒక్కోసారి నీళ్ళు లేకుండా, మనిషిని మోసుకుని తిరిగి రాగలిగిందే గుర్రం. దాడులకి వాళ్ళు ఎక్కువగా ఆడగుర్రాల్నే ఎక్కేవారు. వంశం కూడా తల్లి వైపు నుంచే చెప్పుకునేవారు. కుహైలాన్, సఖ్లావీ, అబయ్యాన్, హమ్దానీ, హద్బాన్ అని వంశాల పేర్లు. ఓపిక లేనిది దారిలో రాలిపోయేది, మిగిలినదానికే పిల్లలు పుట్టేవి. శతాబ్దాల తరబడి ఎడారి ఇలా ఏరి పెట్టిన జాతి అది. గుర్రాల్ని కొలిచే అరచేతి వెడల్పు లెక్కలో సాధారణంగా 14, 15 చేతుల ఎత్తు, 400 కిలోల అటు ఇటు బరువు, పెద్ద ముక్కుపుటాలు, పలచటి చర్మం, గట్టి గిట్ట.

ఆ గుర్రాన్ని ఎడారి నుంచి తీసుకుపోయి చల్లని పచ్చికబయళ్ళలో కట్టేస్తే ఏమవుతుంది? దాడులు లేవు, దాహం లేదు, ఓపిక లేని గుర్రం కూడా బతుకుతుంది, అందంగా ఉంటే పిల్లలు కూడా పుట్టిస్తుంది. యూరప్‌లో అరబ్బీ గుర్రాలు పెంచినవాళ్ళకి ఈ చిక్కు త్వరగానే అర్థమైంది. జర్మనీలో వూర్టెంబెర్గ్ రాజు మొదటి విల్‌హెల్మ్ 1817లో వైల్ అనే చోట అరబ్బీ అశ్వశాల పెట్టాడు. బైరక్తార్ అనే మగగుర్రం అక్కడి వంశాలకి మూలపురుషుడు. 1932లో ఆ మంద మార్‌బాఖ్ అశ్వక్షేత్రానికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. జర్మనీలో మగగుర్రాల్ని పరీక్షించి విత్తనానికి అనుమతించే పద్ధతి బలంగా పాతుకుపోయింది. అరబ్బీలకి కూడా అది వర్తిస్తుంది.

ఆ పద్ధతి ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ముందు గుర్రం తల్లిదండ్రులు కాగితం మీద ఉన్నవేనా అని రక్తమో వెంట్రుకో తీసి డీఎన్ఏతో సరిచూస్తారు. తర్వాత పశువైద్యుడు కళ్ళు, పళ్ళు, గుండె, ఊపిరి చూస్తాడు. విత్తులు రెండూ కిందికి దిగాయా, సమానంగా ఉన్నాయా చూస్తాడు. ఒకటే దిగిన గుర్రాన్ని అక్కడితో ఆపేస్తారు, ఎందుకంటే ఆ లోపం సంతానానికి వచ్చే అవకాశం ఉంది. తర్వాత గట్టినేల మీద నడిపిస్తారు, దుడుకు నడక నడిపిస్తారు. గట్టినేల మీద కుంటు దాగదు. ఎదురుగా వచ్చేటప్పుడు కాళ్ళు తిన్నగా పడుతున్నాయా, వెనక నుంచి చూస్తే మడమ లోపలికి తిరుగుతోందా, న్యాయనిర్ణేతలు నిలబడి చూస్తారు. ఆపైన జీను, కళ్ళెం లేకుండా వదిలేసి స్వేచ్ఛగా పరుగెత్తనిస్తారు. ఇందులో నెగ్గితే ఆ జాతి పెంపకందార్ల సంఘం ఆమోదం దొరుకుతుంది. కానీ ఇది సగం మాత్రమే. గుర్రం పనిచేసి చూపించాల్సిన పరీక్ష ఇంకా ఉంది. రెండూ దాటితేనే వంశావళి పుస్తకంలో మగగుర్రాల మొదటి వరసలో దానికి స్థిరమైన చోటు.

పని పరీక్షలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు, కుర్ర మగగుర్రాలన్నిటినీ ఒకే కేంద్రానికి తీసుకొచ్చి పెట్టడం. జర్మనీలో వంద రోజుల పరీక్ష చాలా కాలం పేరుమోసింది, తర్వాత 70, 30 రోజుల రకాలూ వచ్చాయి. అక్కడ అన్నిటికీ ఒకే లాయం, ఒకే మేత, ఒకే శిక్షకులు. యజమాని ధనవంతుడా, పేదవాడా అన్నది తలుపు బయటే ఉండిపోతుంది. రోజూ శిక్షణ ఇచ్చేవాళ్ళు గుర్రం స్వభావానికి కూడా మార్కులు వేస్తారు. జీను వేయబోతే కరుస్తుందా? కొత్త చోటికి బెదురుతుందా? అలసిపోయినా ఇంకా పనిచేయడానికి ముందుకొస్తుందా? మేత సరిగ్గా తింటుందా? కష్టపడి తిండి మానేసే గుర్రం పనికిరాదు. నడక, దుడుకు నడక, దౌడు ఒక్కొక్కదానికీ పదికి ఇన్ని అని అంకెలు. రౌతు లేకుండా అడ్డంకులు దూకించి చూస్తారు. బయలు నేలలో గట్టు, గుంట దాటిస్తూ దౌడు తీయిస్తారు. చివర్లో, ఆ గుర్రాన్ని ఎప్పుడూ ఎక్కనివాడు ఒకడు వచ్చి ఎక్కుతాడు. తెలిసిన మనిషి కింద ఏ గుర్రమైనా ఒద్దికగా నడుస్తుంది. కొత్తవాడి మాట కూడా విని, కళ్ళేన్ని నమ్మి నడిచేది తక్కువ. ఆ గుణానికి అక్కడ విడిగా మార్కులున్నాయి.

అరబ్బీలకి ఈ కేంద్ర పరీక్ష ఒక్కటే దారి కాదు. గుర్రపు పందేల్లో, దూరపు స్వారీల్లో తెచ్చుకున్న ఫలితాల్ని కూడా ఒప్పుకుంటారు. పోలండ్‌వాళ్ళు పందేన్నే ఎంచుకున్నారు. 1817లో స్థాపించిన యానోవ్ పొడ్లాస్కి ప్రభుత్వ అశ్వశాలలో పుట్టిన అరబ్బీ పిల్లల్ని మూడో ఏట మైదానంలో పరుగెత్తించడం వాళ్ళ సంప్రదాయం. పోలండ్‌లో అరబ్బీలకి పందేలు 1927లో ల్వూవ్ నగరంలో మొదలయ్యాయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వార్సాలోని స్లూజెవియెత్స్ మైదానంలో సాగాయి. ఆ పరుగుల్లో ముఖ్యం గెలుపు ఒక్కటే కాదు. రెండు ఋతువులు కష్టపడి పరుగెత్తిన తర్వాత కాళ్ళు, కీళ్ళు వాపు లేకుండా నిలిచాయా అన్నది వాళ్ళకి అంతకంటే ముఖ్యం.

యానోవ్ గుర్రాలకి కాలమే పెట్టిన ఘోరమైన పరీక్ష ఒకటుంది. 1945 ఫిబ్రవరిలో యుద్ధం నుంచి తప్పించి నడిపించుకుపోతున్న మగగుర్రాల గుంపు డ్రెస్డెన్ నగరంలో ఉన్నప్పుడు బాంబుల వాన కురిసింది. చాలా గుర్రాలు చచ్చాయి, చెదిరిపోయాయి. యాన్ జినియెవిచ్ అనే సైసు రెండు మగగుర్రాల పగ్గాలు వదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. వాటి పేర్లు విత్రాజ్, వియెల్కి ష్లెమ్. అవి రెండూ బతికి, యుద్ధం తర్వాత పోలండ్ అరబ్బీ జాతికి ముఖ్యమైన తండ్రులయ్యాయి. ఆ సైసు చేతుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. నిప్పుల మధ్య ఒక మనిషి పట్టులో ఆగిన మగగుర్రం స్వభావానికి ఎన్ని మార్కులు వేయాలో ఏ న్యాయనిర్ణేత చెప్పగలడు!

ఇంగ్లండ్‌లో అరబ్ హార్స్ సొసైటీ 1920 నుంచి 1922 దాకా మరో రకం పరీక్ష పెట్టింది. అరబ్బీలు సైన్యానికి పనికొస్తాయని చూపించడం దాని ఉద్దేశం. ఐదు రోజుల్లో 300 మైళ్ళు. అంటే రోజుకి దాదాపు పావగడ నుంచి తుమకూరు అంత దూరం, వీపు మీద 80 కిలోలకి పైగా బరువుతో, వరసగా ఐదు రోజులు. 1922లో షహజాదా అనే మగగుర్రం గెలిచింది. తర్వాత దాన్ని ఆస్ట్రేలియాకి కొనుక్కుపోయారు. అక్కడ ఇప్పటికీ దాని పేరు మీద ఐదు రోజుల, 400 కిలోమీటర్ల స్వారీ జరుగుతోంది.

ఇప్పటి దూరపు స్వారీలో పెద్ద పోటీ 160 కిలోమీటర్లది, ఒకే రోజులో. ఇంచుమించు ఇక్కడి నుంచి బెంగళూరుకి. అందులో ఎవరు ముందొచ్చారన్నది చివర్లో చూసే సంగతి. విడత విడతకీ మధ్య గుర్రాన్ని ఆపి పశువైద్యులు చూస్తారు. విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఆగిన కొద్ది నిమిషాల్లోనే అది 64కి దిగాలి. దిగకపోతే, ఎంత వేగంగా వచ్చినా ఇంటికే. చిగుళ్ళు నొక్కి వదిలితే ఎంతసేపట్లో మళ్ళీ ఎర్రబడ్డాయో చూస్తారు. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదిలితే ఎంత త్వరగా సర్దుకుందో చూస్తారు, ఒంట్లో నీరు ఎంతుందో అది చెబుతుంది. డొక్కకి చెవి పెట్టి పేగుల చప్పుడు వింటారు. దుడుకు నడక నడిపించి కుంటు ఉందేమో చూస్తారు. బదూయిన్ల ఎడారి చేసిన పని ఈ వైద్యులు గుర్రాన్ని చంపకుండా చేస్తున్నారు. ఈ పరీక్ష నా మనసుకి దగ్గరగా ఉండటానికి అదే కారణం.

అయితే ఎంత కఠినమైన పరీక్షకైనా కనపడనివి కొన్ని ఉంటాయి. అరబ్బీ జాతిలో కొన్ని వంశపారంపర్య జబ్బులున్నాయి. ఒకదాంట్లో పిల్లకి రోగాల్ని ఎదిరించే శక్తే ఉండదు. పుట్టినప్పుడు బాగానే ఉండి, తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన రక్షణ అయిపోగానే చిన్న జబ్బుకి కూడా తట్టుకోలేక కొన్ని నెలల్లో చచ్చిపోతుంది. ఇంకోదాంట్లో చిన్న మెదడు కణాలు నశించి తల వణుకుతుంది, అడుగు తడబడుతుంది. మూడోదాంట్లో పిల్ల వింతైన లేత రంగులో పుట్టి, లేచి నిలబడలేకపోతుంది. ఈ మూడింటికీ పద్ధతి ఒక్కటే. తండ్రిలోనూ తల్లిలోనూ దాగి ఉంటేనే జబ్బు పిల్లలో బయటపడుతుంది, అదీ నాలుగింట ఒక వంతు అవకాశంతో. జబ్బుని లోపల దాచుకుని మోసే గుర్రం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. 160 కిలోమీటర్లు పరుగెత్తుతుంది, పందెం గెలుస్తుంది, కొత్తవాడిని ఎక్కించుకుంటుంది. దాని లోపలున్నది ఏ న్యాయనిర్ణేతకీ కనపడదు. మొదటి జబ్బుకి 1990ల చివర్లో, తర్వాత మిగతావాటికీ డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి. జబ్బు దాగి ఉన్నంత మాత్రాన మంచి గుర్రానికి విత్తులు కొట్టించనక్కర్లేదు, పరీక్షలో శుభ్రంగా తేలిన ఆడగుర్రాలకే దాన్ని దాటిస్తే జబ్బు పిల్ల పుట్టదు. దాచి పెట్టడం మాత్రం నేరంతో సమానమని నా అభిప్రాయం.

అందాల పోటీలు మరో ప్రమాదం. అరబ్బీ గుర్రానికి నుదురు కింద ముఖం కొద్దిగా లోపలికి వంగి ఉండటం అందం. ప్రదర్శనల్లో ఆ వంపుకే బహుమతులొస్తుంటే, ప్రతి తరంలో ఇంకాస్త వంపున్న మగగుర్రాన్నే ఎంచుకుంటారు. వంపు హద్దు మీరితే ఊపిరి తీసుకునే దారి ఏం కావాలి? ఎడారిలో ఊపిరి కోసం పెద్దవైన ముక్కుపుటాలు అవి. పని చూడకుండా ముఖమే చూసి ఎంచుకుంటూ పోతే, ఏ గుణం కోసం ఈ జాతిని ప్రపంచం కోరుకుందో ఆ గుణమే కరిగిపోతుంది.

మగదాని మీదే ఇంత పట్టింపు ఎందుకంటే, లెక్క అలాంటిది. ఆడగుర్రం కడుపు మోసేది దాదాపు పదకొండు నెలలు, ఏడాదికి ఒక పిల్ల. మగగుర్రం ఒక్క ఋతువులో వంద ఆడగుర్రాలకి పైగా దాటగలదు. 1704లో సిరియాలోని అలెప్పో నుంచి ఇంగ్లండ్‌కి తెచ్చిన డార్లీ అరేబియన్ అనే ఒకే ఒక్క గుర్రానికి, ఈనాటి ప్రపంచంలోని థరోబ్రెడ్ మగగుర్రాల్లో అత్యధిక భాగం తండ్రి వరసలో వారసులు. కుణిగల్‌లో గడ్డి మేసే పందెపు గుర్రాల తండ్రి వరసలు వెనక్కి చూసుకుంటూ పోతే చాలావరకు ఆ అరబ్బీ దగ్గరికే చేరతాయి. ఆ ఒక్కదానిలో పెద్ద లోపం ఉండి ఉంటే ఎన్ని లక్షల గుర్రాలకి పాకేదో ఊహించండి.

ఇప్పుడు మన రొప్పం సంగతికి వద్దాం. ఒక పొట్టేలుకి పాతిక, ముప్పై గొర్రెలు. ఆ ఏడాది పుట్టే పిల్లలన్నిటిలో సగం రక్తం దానిదే. మరి దాన్ని ఎలా ఎంచుకుంటున్నాం? బక్రీదు ముందు వ్యాపారి వస్తాడు. మందలో అన్నిటికంటే ముందు పెరిగి, నిగనిగలాడే పొట్టేలు పిల్లల్నే ఏరుతాడు. డబ్బు అవసరం, ఇచ్చేస్తాం. ఎవరికీ అక్కర్లేక మిగిలిన బక్క పిల్ల మందలో తిరుగుతూ తిరుగుతూ విత్తనపు పొట్టేలు అయిపోతుంది. ఏటా మంచిది కోతకి, తక్కువది విత్తనానికి. ఇలా పదేళ్ళు జరిగితే మంద ఎత్తు తగ్గిపోయిందని, మేత సరిపోవడం లేదని అనుకుంటాం. మేత తక్కువే, కాదనను. కానీ ఎంపిక కూడా తలకిందులైంది.

గుర్రాలవాళ్ళు చేసే పరీక్షలో సగం ఖర్చు లేకుండా ఇక్కడ చేయవచ్చు. పొట్టేలు పిల్లల్ని మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి తూకం వేయండి. ఒకే మందలో, ఒకే బయల్లో మేసినవి కాబట్టి తేడా చాలావరకు రక్తానిదే, తల్లి పాలదే. పాలు బాగా ఉన్న తల్లి పిల్ల అయితే ఇంకా మంచిది. విత్తులు రెండూ సమానంగా, గట్టిగా ఉన్నాయా పట్టి చూడండి. కింది పళ్ళు పై చిగురుకి సరిగ్గా ఆనాలి, ముందుకో వెనక్కో పోకూడదు, లేకపోతే ఎండాకాలంలో పొట్టి గడ్డి కొరకలేదు. కనురెప్ప కింద ఎర్రగా ఉండాలి. వానాకాలంలో కడుపు పురుగులు పట్టినప్పుడు కొన్నిటికి అక్కడ తెల్లగా పాలిపోతుంది, కొన్ని అదే బయల్లో మేసి కూడా ఎర్రగానే ఉంటాయి. ఆ రెండో రకం మనకి కావాలి. సాయంత్రం మంద తిరిగొచ్చేటప్పుడు ఏది వెనకబడుతోందో, ఏది ముందు నడుస్తోందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇవన్నీ చూసి, నిలిచిన రెండు మూడు పిల్లలకి వ్యాపారి రాకముందే చెవి గుర్తు వేసి పెట్టండి.

రెండేళ్ళకి మించి ఒకే పొట్టేలుని మందలో ఉంచితే అది తన కూతుళ్ళనే దాటుతుంది. గుర్రాల్లో చెప్పిన దాగి ఉన్న జబ్బుల్లాంటివి బయటపడేది అప్పుడే. కాబట్టి నాలుగైదు మందలవాళ్ళు మాట్లాడుకుని పొట్టేళ్ళని ఒకరికొకరు మార్చుకోండి. మార్చుకున్న పొట్టేలు పేరు, పుట్టిన పిల్లల ఆరో నెల బరువులు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, రెండు మూడు మందల్లోనూ ఏ పొట్టేలు పిల్లలు ఎక్కువ తూగాయో కనపడుతుంది. మగదాన్ని దాని పిల్లల్ని బట్టి తేల్చే ఈ పరీక్షకి గుర్రాలవాళ్ళకి చాలా ఏళ్ళు పడుతుంది. గుర్రప్పిల్ల పుట్టి, జీను వేసే వయసుకి రావాలంటేనే మూడు నాలుగేళ్ళు. గొర్రె కడుపు మోసేది ఐదు నెలలే, పిల్ల తూకానికి ఇంకో ఆరు నెలలు. ఈ ఉగాదికి మార్చుకున్న పొట్టేలు సంగతి వచ్చే ఉగాదికల్లా మీ పుస్తకంలో ఉంటుంది. దానికి కావలసింది ఒక కొక్కెం తక్కెడ, ఒక పెన్సిలు. పొట్టేలు ఎంపికలో సందేహం వస్తే దగ్గరలోని పశువైద్యశాలలో అడగండి.